కొనేవాళ్ళ రోజు

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు పొద్దున్నే కోడలు లేచి వచ్చేసరికి అత్తగారు ఇత్తడి గరిటె తిరగేసి పట్టుకుని వీధి గుమ్మాన్ని టకటకా కొడుతోంది. కొట్టి ఊరుకుందా? చెక్కకి చెవి ఆనించి, కళ్ళు మూసుకుని వింటోంది. జానెడు కిందకి జరుగుతుంది, మళ్ళీ కొడుతుంది, మళ్ళీ వింటుంది. కోడలు రెండడుగులు వెనక్కి వేసింది. పెళ్ళి మాటలప్పుడు మనిషి బాగానే మాట్లాడిందే, ఇదేం ఖర్మరా దేవుడా అనుకుంటూ వెళ్ళి మొగుణ్ణి లేపింది.

"ఏమండీ, మీ అమ్మగారు గుమ్మంతో మాట్లాడుతున్నారు."

"గుమ్మం ఏమంటోంది?" అన్నాడు ఆయన కళ్ళు తెరవకుండానే. "గట్టిగానే ఉన్నానంటోందా?"

అప్పుడే వీధివైపు నుంచి అత్తగారి గొంతు వినబడింది. "గట్టిగానే ఉంది!"

అదీ సంగతి. చెక్కని లోపల చెదలు తినేస్తుంటే పైకి ఏమీ కనబడదు, రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. కొడితే మాత్రం బోలుగా మోగుతుంది. అందుకని ఏటా వానలు మొదలయ్యే ముందు అత్తగారు ఇంట్లో ప్రతి గుమ్మాన్నీ, ప్రతి కిటికీ చట్రాన్నీ కొట్టి, విని, గట్టిగా ఉందో బోలుగా ఉందో తీర్పు చెబుతుంది. ఆ తీర్పుకి తిరుగు లేదు. పోయినేడు పెరటి తలుపు చట్రం బోలుగా ఉందంటే కొడుకు నమ్మలేదట. వడ్రంగి వచ్చి ఉలి పెడితే లోపలంతా పిండి.

గరిటెతో అయిపోయిందనుకునేరు, అక్కడ మొదలంతే! తర్వాత డాబా ఎక్కి, నీళ్ళు దిగే గొట్టాల్లో ఇరుక్కున్న ఆకులు తీస్తుంది. గొట్టాల మూతులకి పాతగుడ్డలు కుక్కి, డాబా నిండా నీళ్ళు నిలగట్టి, కిందకి దిగి వచ్చి, ఎక్కడైనా చెమ్మ దిగుతుందేమోనని గదిగదిలోనూ కప్పు వంక కన్నార్పకుండా చూస్తూ కూర్చుంటుంది. కుళాయిల్లో అరిగిన వాషర్లు మారుస్తుంది. కిటికీ ఊచల మీద తుప్పుని గరుకు కాగితంతో గీకి, ఎర్ర పూత పూసి, అది ఆరాకే రంగు వేస్తుంది. బాత్రూం పలకల సందుల్లో తెల్ల సిమెంటు వేలితో నింపుతుంది. ఆ రోజుల్లో ఆవిడ చేతులు చూస్తే ఆడమనిషి చేతులా, మేస్త్రి చేతులా అని అనుమానం వస్తుంది.

అన్నిటికన్నా చిత్రం వాసన చూడటం. ఇల్లంతా సర్దాక ఒకరోజు తలుపులన్నీ బిగించి, తాళం వేసి, ముగ్గురూ పొద్దస్తమానం బయట తిరిగి రావాలి. వచ్చి తాళం తీయగానే ఎవరూ లోపలికి పోకూడదు. గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చాలి.

"ఎవరింటి వాసన వాళ్ళ ముక్కుకి తెలియదమ్మాయ్," అంది అత్తగారు. "పరాయివాడికి గుమ్మంలోనే తెలిసిపోతుంది. ఒకపూట బయట తిరిగొస్తే మనమూ కాస్త పరాయివాళ్ళం అవుతాం."

ఇంత చాకిరీ దేనికయ్యా అంటే, ఇల్లు అమ్మకానికి సిద్ధంగా ఉండాలట! అమ్ముతారా అంటే అమ్మరు. బోర్డు లేదు, బ్రోకరు లేడు, అమ్మే ఆలోచన అసలే లేదు. కానీ రేపు పొద్దున్న ఎవరైనా వచ్చి కొంటామంటే, "రండి, చూడండి" అనేటట్టు ఉండాలి. పక్కింటి టైలరు అత్తగారికి 'రెడీ పిన్ని' అని పేరు పెట్టాడు. మిషను తొక్కుతూ కిటికీలోంచే కేకేసేవాడు.

"ఏం రెడీ పిన్నీ, బేరం కుదిరిందా?"

"కుదిరితే నీకు చెప్పకుండా పోతానా? నీ మిషను గోల సంగతి వాళ్ళకి ముందే చెప్పాలిగా!"

వీధిలో వాళ్ళకి నవ్వులాటగానే ఉంటుంది. ఆ ఇంట్లో బతకాల్సిన కోడలికి ఒళ్ళు మండేది. గోడకి ఒక్క మేకు కొట్టుకోనివ్వరు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న అద్దాన్ని బల్ల మీద గోడకి ఆనించుకుని, మెడ వంచి తల దువ్వుకోవాలి. ఒకసారి మొగుడి మీద విరుచుకుపడింది.

"ముక్కూ మొహం తెలియనివాడెవడో కొంటాడని మనం సొంతింట్లో లాడ్జిలో దిగినట్టు బతకాలా?"

లాడ్జి అనే మాట ఊరికే రాలేదు. అత్తగారు చాలా ఏళ్ళుగా ఒక లాడ్జిలో గదులు సర్దే పని చేస్తోంది. దిగినవాడు ఇలా ఖాళీ చేసి వెళ్ళగానే దుప్పట్లు మార్చి, కుళాయి తిప్పి చూసి, లైట్లు వేసి చూసి, వచ్చేవాడి కోసం గది సిద్ధం చేయాలి. ఆ చెయ్యి ఇంట్లోనూ ఊరుకోదు.

మొగుడు ఈసారి జోకులు వెయ్యలేదు. మెల్లగా చెప్పాడు. ఆయన స్కూలు బస్సు డ్రైవరు, మామూలుగా అయితే నోరు మూయడు.

"నా చిన్నప్పుడు మాకు ఇంకో ఇల్లుండేది. నాన్నకి జబ్బు చేసింది. వైద్యానికి ఇల్లమ్మడం తప్ప దారి లేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పోయారు. కప్పు కారుతోందన్నారు, గుమ్మాలు పుచ్చిపోయాయన్నారు. అప్పటికప్పుడు బాగు చేయిద్దామంటే చేతిలో ఏమీ లేదు. అమ్మ వాళ్ళ వెనకాల వీధి చివరిదాకా పరిగెత్తేది, మళ్ళీ ఒక్కసారి చూడండి, ఒక్కసారి చూడండి అంటూ. ఇల్లు అమ్ముడుపోయింది. నాన్న పోయాక."

ఆ ఏడు నుంచి కోడలు కూడా కొంగు బిగించి పనిలోకి దిగింది. అత్తగారు గుమ్మానికి చెవి ఆనిస్తే ఇక నవ్వు రాలేదు. ఒక మనిషి ఇంత పట్టుగా, ఏడాది వెంట ఏడాది, ఎవరూ మెచ్చుకోకపోయినా, అందరూ నవ్వుతున్నా, ఒకే భయాన్ని ఇంత శుభ్రమైన పనిగా మార్చుకోగలదా అని నోరెళ్ళబెట్టి చూసేది.

ఇక పనులన్నీ అయ్యాక చివరన వచ్చేదే కొనేవాళ్ళ రోజు. అది ఆ కుటుంబం సొంతంగా కనిపెట్టుకున్న ఆట. ఎవరో ఒకరు, లాడ్జి వంటమనిషో, పాలవాడో, బస్సు క్లీనరో, కొనేవాడిలా వచ్చి తలుపు కొడతారు. ఇంట్లోవాళ్ళు ఇల్లంతా తిప్పి చూపించాలి. ఆటకి ఒకటే నియమం, ఇంట్లో ఉన్న లోపాలన్నీ ఇంటివాళ్ళే ముందు చెప్పాలి. మనం చెప్పని లోపం వచ్చినవాడు కనిపెట్టాడా, మనం ఓడినట్టు.

కోడలు మొదటిసారి ఆడినప్పుడు ఘోరంగా ఓడిపోయింది. బీరువా వెనకాల గోడకి చెమ్మ మరక ఉంటే, చెబితే పరువు పోతుందని బీరువాకి అడ్డంగా నిలబడింది. లాడ్జి వంటమనిషి ఆవిణ్ణి పక్కకి తప్పుకోమని బీరువా జరిపి చూశాడు. ఆయనకి టీ ఇచ్చి పంపించాక అత్తగారు అంది.

"నువ్వు దాచావనుకో, వాడికి ఇల్లంతా అనుమానమే. మంచి గోడని కూడా నమ్మడు. నువ్వే చూపించావనుకో, వాడు కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. ఆనాడు నేనూ దాచాను పిల్లా. కారే చోట మంచం వేసి దుప్పటి కప్పాను."

అలా కొన్నేళ్ళు గడిచాయి. కోడలు గరిటె పట్టడం నేర్చింది. బోలు చప్పుడుకీ గట్టి చప్పుడుకీ తేడా ఆవిడ చెవికీ పట్టుబడింది. ఆ ఇంట్లో ఏ అతుకు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. మేకు సంగతి మర్చిపోయింది, అద్దం బల్ల మీదే ఉంది. ఇల్లు ఎప్పుడు తనదైపోయిందో ఆవిడకే తెలియదు.

ఒక ఏడు వానల ముందు ఆకులు తీయడానికి డాబా మెట్లు ఎక్కుతూ కోడలు సగంలో కూలబడిపోయింది. ఊపిరి అందడం లేదు, పెదాలు నల్లబడ్డాయి. అత్తగారు చేతిలో బకెట్టు విసిరేసి పరిగెత్తింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి, కళ్ళు మూసుకుని, అక్కడా ఇక్కడా జరుపుతూ విన్నది. పక్కన నిలబడ్డ అత్తగారి మొహంలో రక్తం లేదు. అలా వినడమంటే ఏమిటో ఆ గదిలో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

"బోలుగా ఉందా డాక్టరుగారూ?" అని అడిగేసింది.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. గుండెలో ఒక కవాటం పాడైందనీ, అది తీసేసి కొత్తది వెయ్యాలనీ, ఈ ఏడు దాటనివ్వొద్దనీ చెప్పింది.

ఇంటికొచ్చాక కొడుకు తల పట్టుకు కూర్చున్నాడు. డ్రైవరు జీతానికి, గదులు సర్దే జీతానికి అందే పని కాదది. అత్తగారు నోరు తెరవబోయింది. ఆ నోట్లోంచి ఏం రాబోతోందో కోడలికి ముందే తెలిసిపోయింది.

"ఆ మాట అనకండి అత్తయ్యా! ఒక ఇల్లు పోగొట్టుకుని, ఒళ్ళు హూనం చేసుకుని నిలబెట్టిన ఇల్లు ఇది. మీరు నా కోసం ఈ ఇల్లు అమ్మితే, ఒట్టు, నేను ఆసుపత్రి గడప తొక్కను. మందులతోనే నెట్టుకొస్తాను."

మొగుడు బతిమాలాడు, తిట్టాడు, అలిగి అన్నం మానేశాడు. ఉహూ. మొండిఘటం. అత్తగారు మాత్రం వాదించలేదు.

"సరేలే. మందులు వేళకి వేసుకో," అని లేచి, బకెట్టు వెతుక్కుని, మిగిలిపోయిన ఆకులు తీయడానికి డాబా ఎక్కింది.

ఆ ఏడు ఆవిడ చేసిన పని చూడాలి! లాడ్జికి సెలవు పెట్టింది. తుప్పు ఉన్న చోటా గీకింది, లేని చోటా గీకింది. కిటికీ అద్దాలు తుడిస్తే అక్కడ అద్దముందని చెయ్యి తగిలితేగానీ తెలియలేదు. కోడలు కుర్చీలో కూర్చుని చూస్తూ ఉండిపోయేది. ఏం మనిషండీ బాబూ ఈవిడ, అలుపన్నది తెలియదా అని. తనకి సాయం చేసే ఓపిక లేదన్న బాధ ఒకటి, తన తర్వాత ఈ ఇంటిని ఎవరు చూస్తారన్న బెంగ ఒకటి.

కొనేవాళ్ళ రోజు వచ్చింది.

"ఈ ఏడు కొత్తాయన వస్తాడు," అంది అత్తగారు. "నువ్వే చూపించు. కూర్చుని కూర్చుని తుప్పు పట్టిపోతున్నావు."

కోడలికి ప్రాణం లేచొచ్చింది. ఒంట్లో బాగాలేకపోయినా ఆటలో ఓడిపోయే రకం కాదు. ఎందుకో మొగుడు పొద్దున్నే పనుందని బయటికి జారుకున్నాడు.

వచ్చినాయన పెద్దాయన. మబ్బు లేదు గాలి లేదు, చేతిలో గొడుగు. గొడుగు మొనతో నేల మీద కొట్టి చూస్తూ, గోడలకి మొహం దగ్గరగా పెట్టి చూస్తూ నడుస్తున్నాడు. ఈయనెవరో భలే నటిస్తున్నాడే, లాడ్జికి కొత్త మేనేజరు కాబోలు అనుకుంది కోడలు. తనూ రెచ్చిపోయింది.

"గోడలు తర్వాత చూద్దురుగాని, ముందిక్కడికి రండి. ఈ పెరటి తలుపు చట్రం ఒకప్పుడు చెదలు తినేసింది. ఇదిగో, మోకాలి ఎత్తు దాకా కొత్త చెక్క అతికించాం. రంగు కిందుంది కాబట్టి మీకు కనబడదు."

గొడుగాయన ఆగిపోయాడు. "మరి ఎందుకు చెబుతున్నావమ్మా?"

"రేపు మీరు కనిపెడితే తిట్టుకుంటారు కదండీ. రండి, బాత్రూంలో ఆ మూల నీళ్ళు నిలుస్తాయి, వాలు సరిగ్గా రాలేదు. చీపురుతో తోసుకోవాలి. ఈ పడమటి గది ఎండాకాలంలో పెనం. ఈ బీరువా వెనకాల చూడండి, ఒకప్పుడు చెమ్మ దిగేది. పైన బాగు చేయించాక రెండు వానాకాలాలుగా దిగలేదు, అయినా ఏటా చూసుకోవాల్సిందే. ఆ చప్పుడు వింటున్నారుగా? పక్కింటాయన కుట్టుమిషను. పండగ లేదు, సెలవు లేదు, దానికి విసుగే రాదు."

"ఇంకా ఉన్నాయా?" అన్నాడు ఆయన. నేలని గొడుగుతో కొట్టి చూడటం మానేశాడు.

"బోలెడు! డాబా మీద..." అని మెట్ల దాకా వెళ్ళి, గోడ పట్టుకుని ఆగిపోయింది. ఊపిరి అందలేదు. "నేను ఎక్కలేనండీ. మీరు వెళ్ళండి, నేను కిందనుంచే చెబుతాను. ఎక్కగానే ఎడమవైపు మూల చూడండి, పాత పగులు పూడ్చిన గీత ఉంటుంది. కనబడిందా? ట్యాంకు అడుగున ఇంకో అతుకుంది, వంగి చూడాలి. నీళ్ళ గొట్టం దగ్గర జాలీ మొన్ననే మార్చారు, అదొక్కటి మాత్రం కొత్తది!"

ఆయన పైనుంచి ఒక్కొక్కదానికీ "ఆఁ, ఉందమ్మా" అంటూ వచ్చాడు. చాలాసేపటికి దిగాడు. కోడలి ఎదురుగా నిలబడి ఆవిడ మొహం వంక చూశాడు.

"చాలా ఇళ్ళు చూశానమ్మా. అందరూ నన్ను తీసుకెళ్ళి మంచి గోడ ముందే నిలబెట్టారు. ఇలా చూపించినవాళ్ళు ఎవరూ లేరు." అత్తగారి వైపు తిరిగాడు. "మీరు చెప్పిన ధరకే ఖాయం చేసుకుందామండీ. నేనిక బేరమాడను."

కోడలు చప్పట్లు కొట్టి నవ్వింది. "బ్రహ్మాండం! ఆటలో ఇంతవరకూ ఎవరూ ఆ మాట అనలేదు అత్తయ్యా. మనం గెలిచాం!"

ఎవరూ నవ్వలేదు. గొడుగాయన అర్థం కాక చూశాడు. అత్తగారు వంటింటి గుమ్మాన్ని పట్టుకుని నిలబడి ఉంది. ఉత్త చేత్తో దాన్ని నిమురుతోంది. గరిటెతో కొట్టడమే తప్ప ఎన్నడూ అలా నిమిరింది లేదు. అప్పుడు తెలిసింది కోడలికి.

"మోసం చేశారు," అంది. "నేను ఒట్టు పెట్టాను కదా! మీరు ఇల్లు అమ్మితే ఆసుపత్రికి వెళ్ళనని చెప్పాను కదా!"

"చెప్పావు. నేనెక్కడ అమ్మాను?" అంది అత్తగారు. "ధర తప్ప నేను ఒక్క ముక్క మాట్లాడానా? ఇల్లంతా తిప్పింది నువ్వు, చూపించింది నువ్వు, ఒప్పించింది నువ్వు. అమ్మింది నువ్వే. సంతకం మాత్రం నాది."

కోడలు తెల్లబోయింది. ఇంత తెలివి ఎక్కడ దాచుకుందండీ ఈవిడ!

అత్తగారు దగ్గరికి వచ్చి కూర్చుంది. "నిజం చెప్పనా? నేనే చూపిద్దామనుకున్నాను. నిన్న ఒక్కదాన్నే గుమ్మంలో నిలబడి 'రండి, చూడండి' అని అనుకుని చూశాను. నోరు పెగల్లేదు. ఆయనకి ఎదురుపడితే ఏడ్చేసేదాన్ని. ఇన్నేళ్ళూ సిద్ధంగా ఉన్నాననుకున్నాను పిల్లా. ఇల్లు సిద్ధంగా ఉంది, నేను లేను. అందుకే నిన్ను నిలబెట్టాను."

కోడలు ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గొడుగాయన తలుపు దగ్గరికి జరిగి, గొడుగు వంక చూసుకుంటూ నిలబడ్డాడు. ముక్కూ మొహం తెలియనివాడెవడి కోసమో ఈ చాకిరీ అనుకుంది కదా కోడలు, ఇన్నాళ్ళ చాకిరీ ఎవరి ప్రాణానికి పనికొచ్చిందో ఇప్పుడు తెలిసింది.

బయానా అందిన వారంలోనే ఆపరేషను అయిపోయింది. ఇల్లు అప్పగించే రోజున అత్తగారు గదులన్నీ కడిగి, మిగిలిన రంగు డబ్బాలు వరసగా పెట్టి, ఏ డబ్బా ఏ గోడదో గొడుగాయనకి చెప్పింది. మొదటి వానకి ముందు ఆకులు తీయించడం మరిచిపోవద్దంది. టైలరు మిషను ఆపి వీధిలోకి వచ్చి, ఏదో జోకు వెయ్యబోయి, వెయ్యలేక కళ్ళు తుడుచుకున్నాడు. అత్తగారు ఇంట్లోంచి చేత్తో పట్టుకెళ్ళింది ఇత్తడి గరిటె ఒక్కటే. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు ఉంటున్నది అద్దెల్లు. మళ్ళీ వానల ముందు రోజులు వచ్చాయి. పొద్దున్నే టకటకా చప్పుడు విని కోడలు లేచి వచ్చింది. అత్తగారు గుమ్మానికి చెవి ఆనించి ఉంది.

"ఇది మనది కాదు కదా అత్తయ్యా. అమ్ముకోలేం కూడా."

"మన నెత్తిన పడితే తెలుస్తుంది ఎవరిదో," అంది ఆవిడ. "పైన ఆకులున్నాయి. మీ ఆయన్ని లేపు."

కోడలు మొగుణ్ణి లేపలేదు. బకెట్టు తీసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. కింద చప్పుడు ఆగిపోయింది. సగం మెట్లు. అంతకుముందు పాతింట్లో కూలబడ్డ ఎత్తు. దాటింది. డాబా మీదకి వెళ్ళి, గొట్టంలోంచి ఆకులు గుప్పిళ్ళతో తీసి బకెట్టు నింపి, ఎంత వేగంగా ఎక్కిందో అంత వేగంగానే దిగి వచ్చింది.

అత్తగారు గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయి ఉంది. దగ్గరికి వచ్చి, వంగి, కోడలి గుండెకి చెవి ఆనించి కళ్ళు మూసుకుంది. లోపల కొత్త కవాటం గడియారంలా టిక్కు టిక్కుమంటోంది. ఆవిడ చాలాసేపు విన్నది. చెవి కాస్త జరిపి మళ్ళీ విన్నది. గుమ్మాల దగ్గర ఎన్నడూ లేనిది, కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి.

"గట్టిగానే ఉందే!" అంది. ఇంతటి వింత తన జన్మలో వినలేదన్నట్టు అంది.

"కొనేవాళ్ళు వస్తే చూపిస్తారా?" అంది కోడలు నవ్వుతూ.

"చూపించను," అంది అత్తగారు, చెవి తీయకుండానే. "ఇది అమ్మేది కాదు."